ఫుజైరాలో ఒక బర్చ్ మొక్క

స్కూల్ బస్సు మసీదు దగ్గర మలుపు తిరిగింది. అమూల్య సీట్లోంచి లేచి కిటికీ అద్దానికి ముక్కు ఆనించింది.

"వచ్చేస్తోంది, చూడు చూడు!" అంది పక్కనున్న సుహానాతో.

రోజూ రెండున్నరకి బస్సు వాళ్ళింటి ముందు ఆగుతుంది. గేటు ఊచల సందులోంచి ఒక నీలం కుండీ కనిపిస్తుంది. అందులో ఒక చిన్న మొక్క. బస్సులో ఉన్న పిల్లలందరూ ఒక్కసారి అటు తల తిప్పుతారు. అరబ్బు దేశంలోని ఈ ఫుజైరా ఊరు మొత్తానికి బర్చ్ మొక్క ఉన్న ఇల్లు తమదొక్కటే అని అమూల్య అందరికీ చెప్పింది. ఎవరూ కాదనలేదు. నిజమో కాదో ఎవరికీ తెలియదు మరి.

ఈ రోజు గేటు పక్కన కుండీ లేదు.

"ఏదీ?" అంది సుహానా.

వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. డ్రైవర్ అంకుల్ అద్దంలోంచి చూసి, "యల్లా బేటీ, యల్లా!" అని తొందరపెట్టాడు. అమూల్య బ్యాగు ఒక భుజానికే తగిలించుకుని దూకినంత పని చేసింది.

గేటు లోపల సిమెంటు గచ్చు పెనంలా కాలుతోంది. నీలం కుండీ ఉండే చోట గుండ్రటి మరక మాత్రం ఉంది. అమూల్య ఇంటి చుట్టూ పరిగెత్తింది. కారు షెడ్డులో లేదు. వంటింటి గుమ్మం దగ్గర లేదు. చివరికి ఇంటి వెనక, మేడమెట్ల కింద, వాషింగ్ మెషిన్ పక్కన కనిపించింది. ఒక పెద్ద మట్టి కుండీలో తడి ఇసుక పోసి, దాని మధ్యలో నీలం కుండీని దించి పెట్టారు. మొక్క పచ్చగా, నిబ్బరంగా నిలబడి ఉంది.

అమూల్య మాత్రం నిబ్బరంగా లేదు.

"నా మొక్కని ఎవరు తీశారు?" అని అరిచింది.

వంటింట్లోంచి సత్యకుమారి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె ఆ ఇంట్లో పనికి కుదిరి మూడేళ్ళయింది. వంటింటి పక్క గదిలోనే ఉంటుంది. వాళ్ళది గోదావరి పక్క ఊరు. అమూల్య ఆమెని సత్యాంటీ అని పిలుస్తుంది.

"నేనేనమ్మా. ఎండ మండిపోతంది కదా, అందుకని..."

"బర్చ్‌కి ఎండ కావాలి! నెట్‌లో రాసుంది. ఫుల్ సన్ అని ఉంది. కావాలంటే చూపిస్తా!"

"ఆయ్, ఉండుంటదమ్మా. నువ్వొచ్చే లోపు మళ్ళీ అక్కడే పెట్టేద్దామనుకున్నాను. అమ్మగారికి జొరమొచ్చింది. జావ కాస్తా ఉండిపోయేను."

అమూల్యకి ఆ మాటలు చెవికి ఎక్కలేదు. బస్సులో వినబడిన నవ్వే ఇంకా చెవిలో ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇది నా ప్రాజెక్టు. నేను ఒక్కదాన్నే పెంచాను. ఇంకెప్పుడూ దీని మీద చెయ్యి వెయ్యొద్దు. నా క్యాన్ మీద కూడా. ఖలాస్!"

ఖలాస్ అనడం నాన్న దగ్గర నేర్చుకుంది. పోర్టులో ఓడలకి ఇంధనం నింపే కంపెనీలో నాన్న పని. ఫోన్లో మాట ముగించేటప్పుడు ఖలాస్ అంటాడు. నాన్న నోట్లో అది మామూలుగా ఉంటుంది. అమూల్య నోట్లో తలుపు వేసినట్టు వినిపించింది.

"సరేనమ్మా" అని సత్యకుమారి లోపలికి వెళ్ళిపోయింది.

అమూల్య నీలం కుండీని ఇసుకలోంచి తీసి, ఈడ్చుకుంటూ గేటు దగ్గరికి తెచ్చింది. నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపి, స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలు రాసింది. 'ఇది అమూల్య మొక్క. ఎవరూ చెయ్యి వెయ్యకూడదు.' దాన్ని టేపుతో కుండీకి అంటించింది.

ఆ మొక్క అంటే అమూల్యకి ఎందుకంత ప్రాణమో చెప్పాలి.

కిందటి సంవత్సరం ఒక వీడియోలో ఆమె మంచు కురిసే అడవి చూసింది. చెట్లన్నీ తెల్లగా ఉన్నాయి, సున్నం వేసినట్టు. తెలుపు మీద అక్కడక్కడ నల్లటి గీతలు, కళ్ళు తెరిచి చూస్తున్నట్టు. అవి బర్చ్ చెట్లని తెలిసింది. మన హిమాలయాల్లో కూడా అలాంటి చెట్లున్నాయనీ, కాగితం లేని కాలంలో వాటి బెరడు మీదే రాసేవాళ్ళనీ, దాన్నే భూర్జపత్రం అంటారనీ తెలుగు మేడమ్ చెప్పింది. అంతే. పదో పుట్టినరోజుకి అమూల్య సైకిల్ అడగలేదు. బర్చ్ విత్తనాలు అడిగింది.

విత్తనాలు వచ్చాయి. నువ్వుగింజలో సగం కూడా లేవు. ఒక్కో గింజకి అటూ ఇటూ పల్చటి రెక్కలున్నాయి. గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతాయి. వాటికి ముందు చలికాలం చూపించాలట, అప్పుడే మొలుస్తాయట. ఫుజైరాలో మంచు ఎక్కడుంది? అందుకే తడి టిష్యూలో చుట్టి, డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక నాలుగు వారాలు దాచింది. నవంబరులో మట్టి మీద చల్లింది. పదకొండు మొలిచాయి. ఫిబ్రవరికి నాలుగు మిగిలాయి. ఏప్రిల్‌కి ఒక్కటే మిగిలింది.

ఆ ఒక్కటీ ఇప్పుడు జానెడు పొడవుంది. పంతొమ్మిది ఆకులు. అంచులు రంపంలా ఉంటాయి. కాండం మాత్రం ఇంకా గోధుమరంగే.

"తెల్లగా లేదేంటి?" అని బస్సులో అడిగితే, "నాలుగైదేళ్ళయ్యాక తెల్లబడుతుంది. దానికీ టైమ్ కావాలి కదా" అని చెప్పేది అమూల్య, చాలా అనుభవం ఉన్నదానిలా.

అన్నీ ఒక డైరీలో రాసేది. తేదీ, ఎత్తు, ఆకుల లెక్క. చివర ప్రతిరోజూ ఒకే వాక్యం. 'నేను నీళ్ళు పోశాను.' జూన్ మొదటి గురువారం స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్. అందులో ఈ మొక్కనీ ఈ డైరీనీ పెట్టాలి. స్టేజి మీద ఏం మాట్లాడాలో కూడా అమూల్య రాసుకుంది. మొదటి వాక్యం ఇది. 'ఎడారి దేశంలో ఒక బర్చ్ మొక్కను నేను ఒంటరిగా పెంచాను.'

అదీ సంగతి. ఇక రెండు రోజుల తరవాత, శనివారం ఏం జరిగిందో చూద్దాం.

అమ్మకి జ్వరం తగ్గింది. ఎగ్జిబిషన్ బల్ల మీద పరచడానికి బట్టా, చార్టులూ కొనడానికి అందరూ డేరా బజారుకి వెళ్దామన్నాడు నాన్న. ఫుజైరా నుంచి డేరాకి గంటన్నర పైనే పడుతుంది. పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు.

తొమ్మిదింటికి కారు ఎక్కబోతూ అమూల్యకి నీళ్ళు గుర్తొచ్చాయి. ఎర్ర క్యాన్ ఎత్తింది. ఖాళీగా ఉంది. అడుగున మిగిలినవి నిన్ననే పోసేసింది. ఎప్పుడూ నిండుగానే ఉండేది కదా? ఆలోచించే టైమ్ లేదు. నాన్న హారన్ కొడుతున్నాడు. గోడ పక్క కుళాయి తిప్పి, క్యాన్ నింపి, మొక్కకి పోసేసి పరిగెత్తింది. సాయంత్రం దాకా ఉండాలి కదా అని కొంచెం ఎక్కువే పోసింది.

డేరాలో ఆ రోజు చాలా బాగా గడిచింది. అబ్రా పడవలో అటూ ఇటూ తిరిగారు. ఆకుపచ్చ వెల్వెట్ గుడ్డ కొన్నారు. బట్టల కొట్టాయన "ఏం ఎగ్జిబిషన్ పాపా?" అని హిందీలో అడిగాడు. అమూల్య బర్చ్ గురించి పావుగంట చెప్పింది. ఆయన నోరు తెరిచి విని, అర మీటరు గుడ్డ ఎక్కువ ఇచ్చాడు.

ఐదింటికి ఇంటికి వచ్చారు. కారు గేటు ముందు ఆగగానే అమ్మ, "అదేంటి, కుర్చీలు బయట వేసింది సత్య?" అంది.

గేటు పక్కన రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఎదురెదురుగా ఉన్నాయి. వాటి వీపుల మీద నుంచి బియ్యం గోనెసంచులు వేలాడుతున్నాయి. సంచులు తడిసి నీళ్ళు కారుతున్నాయి. పక్కనే మెట్టు మీద సత్యకుమారి కూర్చుని ఉంది. ముఖం కందిపోయింది. చేతిలో మగ్గుతో సంచుల మీద నీళ్ళు చిలకరిస్తోంది. సంచుల మధ్యలో, ఆ చిన్న గుడారం లోపల, నీలం కుండీ ఉంది.

అమూల్య సంచి ఎత్తి చూసింది.

ఆకులు వేలాడిపోయాయి. సగం ఆకుల అంచులు మాడి, కాల్చిన అప్పడం అంచుల్లా ముడుచుకున్నాయి.

"ఏం చేశారు దీన్ని?" అంది అమూల్య.

"నేను చెయ్యి వెయ్యలేదమ్మా" అంది సత్యకుమారి.

నాన్న ముఖం చిట్లించాడు. "ఏం జరిగింది సత్యా?"

"పదిన్నరకి బట్టలారేద్దామని వచ్చేనండి. నిన్నటి ఎండకి ఎలాగో తట్టుకుంది, ఇయాళ అప్పటికే ఆకులు తలొంచేసినాయి. నీడకి తీసేద్దామని వంగేను. ఆ కాయితం కనపడింది. మొన్న కళ్ళనీళ్ళు పెట్టుకుంది కదండి పాప. చెయ్యి ఆగిపోయింది. అమ్మగారికి రెండుసార్లు ఫోన్ చేసేను, ఎత్తలేదు."

అమ్మ బ్యాగులోంచి ఫోన్ తీసి చూసుకుంది. "అయ్యో, సైలెంట్‌లో ఉంది" అంది మెల్లగా.

"మరేం చెయ్యనండి? కుండీ ముట్టకుండా నీడ ఎలా తేవాలా అని ఆలోచించి కుర్చీలు అడ్డం పెట్టేను. సంచులు ఆరిపోతా ఉంటే తడుపుతా ఉన్నాను."

"పదిన్నర నుంచా?" అన్నాడు నాన్న. "నలభై రెండు డిగ్రీలు ఈ రోజు!"

"మధ్యలో లోనికెళ్ళి అన్నం తిన్నానండి" అంది సత్యకుమారి, తప్పు చేసినదానిలా. తరవాత అమూల్య వైపు తిరిగింది. "పొద్దున ఈ కుళాయి నీళ్ళే పోసేవా అమ్మా?"

అమూల్య తలూపింది.

"అదే అనుకున్నాను."

అమూల్య కుళాయి దగ్గరికి వెళ్ళి తిప్పింది. నీళ్ళ కింద చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి లాక్కుంది. సాయంత్రం ఐదింటికి కూడా నీళ్ళు సలసల కాగినట్టున్నాయి. నీళ్ళ ట్యాంకు డాబా మీద ఎండలో ఉంటుంది. పైపు గోడ పొడుగునా ఎండలోనే ఉంటుంది. వేసవిలో కుళాయి నీళ్ళు అలా కాలతాయని ఇంట్లో అందరికీ తెలుసు. స్నానానికి గీజరు ఆపేసేది అందుకే. కానీ మొక్కకి పోసేటప్పుడు ఆ సంగతి అమూల్యకి తట్టలేదు. తట్టాల్సిన అవసరం ఇంతకాలం రాలేదు.

"మరి రోజూ నా క్యాన్‌లో నీళ్ళు..." అని ఆగిపోయింది.

సత్యకుమారి మగ్గు కింద పెట్టింది.

"మీరు నింపేవారా?"

"రాత్రి బకెట్టుతో పట్టి వంటింట్లో పెట్టేదాన్నమ్మా. ఏసీ చల్లదనానికి తెల్లారేసరికి చల్లబడేవి. అవి నీ క్యాన్‌లో పోసేదాన్ని."

"కుండీని కూడా రోజూ మార్చేవారా?"

"ఆయ్. పదింటికి ఎండ గోడ దాటి ఇటొచ్చేద్ది. అప్పుడు మెట్ల కిందకి. నీ బస్సు రెండున్నరకి కదా, రెండుంపావుకి మళ్ళీ ఇక్కడికి. సెలవు రోజుల్లోనూ నువ్వు లోపలుండగా అంతే. గేటు దగ్గరుంటే నీకిష్టం కదమ్మా. బస్సులో పిల్లలు చూస్తారు కదా."

"ఎప్పటినుంచి?"

సత్యకుమారి వేళ్ళ మీద లెక్క పెట్టింది. "మార్చి నెలాఖరు నుంచి."

అమూల్య గచ్చు మీద కూర్చుండిపోయింది. గచ్చు ఇంకా వేడిగా ఉంది. లేవాలనిపించలేదు. మార్చి నెలాఖరు నుంచి డైరీలో ఎన్ని పేజీలు? ప్రతి పేజీలోనూ నేను, నేను, నేను. ఒక్క పేజీలో కూడా సత్యాంటీ పేరు లేదు.

"ఇసుక కుండీలో పెట్టాలని మీకెలా తెలుసు?" అని అడిగింది చివరికి.

"మాది కడియం దగ్గరే కదమ్మా. ఇక్కడికి రాకముందు నర్సరీలో ఆరేళ్ళు చేసేను. కొమ్మలకి అంట్లు కట్టేదాన్ని. ఎండాకాలం బయటినుంచి లేతమొక్కలొస్తే ఇలాగే తడి ఇసకలో దింపేవాళ్ళం. చుట్టూ చల్లగా ఉంటే వేళ్ళు ఉడికిపోవు."

అమ్మ ఆశ్చర్యంగా చూసింది. "ఆరేళ్ళా? నాకెప్పుడూ చెప్పలేదే!"

"మీరెప్పుడూ అడగలేదు కదండి" అంది సత్యకుమారి నవ్వుతూ. ఆ మాట ఆమె మామూలుగానే అంది. కానీ అమ్మ తల దించుకుంది.

అమూల్య లేచింది. కుండీకి అంటించిన కాగితం పీకి, ఉండ చుట్టి, జేబులో పెట్టుకుంది.

"సారీ సత్యాంటీ. ఇది చచ్చిపోతుందా?"

"ముందు నువ్వా పక్క పట్టుకో. నీడకి చేరుద్దాం."

ఇద్దరూ చెరో పక్క పట్టుకుని కుండీ ఎత్తారు. మెట్ల కింద తడి ఇసుకలో దించారు. సత్యకుమారి గోటితో కాండం మీద చిన్న గీత గీసింది. గోధుమరంగు తొక్క కింద సన్నటి ఆకుపచ్చ గీత మెరిసింది.

"పచ్చగా ఉందా? అయితే లోపల ప్రాణముంది" అంది.

మర్నాడు పొద్దున అమూల్య కత్తెర తెచ్చింది. మాడిన ఆకులన్నీ కత్తిరించేస్తే శుభ్రంగా ఉంటుందనుకుంది. కత్తిరించే ముందు ఈసారి ఆగింది. "ఆంటీ, కత్తిరించనా?" అని అడిగింది.

"వద్దు వద్దు. మాడింది అంచే కదా. ఆకు మధ్యలో ఇంకా పచ్చగుంది, అదే దానికి అన్నం వండి పెడతంది. కొత్తాకు వచ్చేదాకా ఉండనీ. ఎరువు కూడా వెయ్యకు. జొరమొచ్చినోళ్ళకి పలావు పెడతామా?"

అమూల్యకి నవ్వొచ్చింది. మొక్క మాడాక నవ్వడం అదే మొదలు.

అప్పటినుంచి మొక్క మెట్ల కిందే ఉంది. బస్సులో పిల్లలు గేటు వైపు చూస్తే ఏమీ కనిపించేది కాదు. "ఏమైంది మీ బర్చ్? చచ్చిపోయిందా?" అని వెనక సీటువాళ్ళు అడిగారు. "ఒంట్లో బాగాలేదు. నాదే తప్పు, వేడినీళ్ళు పోశాను. మా సత్యాంటీ చూస్తోంది" అంది అమూల్య. అలా చెప్పడం అనుకున్నంత కష్టంగా లేదు.

ఉదయం స్కూలుకి వెళ్ళేలోపు సత్యకుమారి ఒక్కో విషయం చూపించేది. మట్టిలో వేలు రెండో గీత దాకా దించాలి. తడి తగిలితే ఆ రోజు నీళ్ళు మానెయ్యాలి. పైన ఆరినట్టు కనపడితే నమ్మకూడదు. కొబ్బరిపీచు తెచ్చి మట్టి మీద పరిస్తే తడి తొందరగా ఆవిరైపోదు. ఆకుని వెనక్కి తిప్పి చూడాలి, పురుగు ఎప్పుడూ వెనకే దాక్కుంటుంది. మధ్యాహ్నం వచ్చాక అమూల్య అవన్నీ డైరీలో రాసేది. ఒక్కోసారి సత్యకుమారి తమ్ముడికి కడియం ఫోన్ చేసి, "ఒరే, మంచుదేశం మొక్కకి వేపపిండి పడుద్దా?" అని అడిగేది. ఫోన్లో అతను, "ఏ మొక్కక్కా? బర్చా? నేనెప్పుడూ కళ్ళతో చూడలేదే!" అనేవాడు. అప్పుడు సత్యకుమారి మొహం చూడాలి. "మరి నేను చూశాను. రోజూ చూస్తన్నాను" అనేది గర్వంగా.

పదకొండో రోజు చిటారున ఒక మొగ్గ ఉబ్బింది. ఆవగింజంత ఉంది. పదమూడో రోజు విచ్చుకుంది. చిట్టి విసనకర్రలా మడతలు మడతలుగా, లేత పచ్చటి ఆకు.

అమూల్య అరిచిన అరుపుకి నాన్న గడ్డం గీసుకుంటూ సగం నురగతో పరిగెత్తుకొచ్చాడు.

ఎగ్జిబిషన్ దగ్గరపడింది. స్కూలు నుంచి ప్రతి పిల్లకీ రెండు పాసులు ఇచ్చారు. అమ్మకి ఒకటి, నాన్నకి ఒకటి. నాన్న ఆ రోజుకి సెలవు కూడా పెట్టుకున్నాడు. అమూల్య రెండు పాసులూ భోజనాల బల్ల మీద పెట్టి చాలాసేపు చూసింది. నాన్న రావాలని ఆమెకి చాలా ఉంది. కుండీ పక్కన నిలబడి మాట్లాడుతుంటే నాన్న ఫోన్లో వీడియో తీయాలని ఎప్పటినుంచో అనుకుంటోంది.

"నాన్నా" అంది చివరికి. "నీ పాసు సత్యాంటీకి ఇవ్వనా? నువ్వు ఏమీ అనుకోకూడదు."

నాన్న అన్నం కలపడం ఆపాడు. అమ్మ వైపు చూశాడు. తరవాత పాసుని ఒక వేలితో బల్ల మీద అటు జరిపాడు.

"అనుకోను. కానీ వీడియో మాత్రం మీ అమ్మ వణక్కుండా తీయాలి."

ఒప్పుకోనిది సత్యకుమారి. "నేనెందుకమ్మా? పెద్ద పెద్దోళ్ళొస్తారు. నాకు ఇంగ్లీషు రాదు. నాకొచ్చింది పని జరిగేంత హిందీ."

"నాకు ఇంగ్లీషు వచ్చు. మీకు మొక్కలు వచ్చు" అంది అమూల్య. "ఎవరైనా ఏదైనా అడిగితే మీరు తెలుగులో చెప్పండి. నేను ఇంగ్లీషులో చెప్తాను."

గురువారం పొద్దున సత్యకుమారి పసుపురంగు చీర కట్టుకుంది. కార్లో కుండీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏసీ గాలి నేరుగా తగలకుండా కొంగు అడ్డం పెట్టింది.

స్కూలు హాల్లో వరసగా బల్లలు. ఒకచోట రాకెట్టు, ఒకచోట అగ్నిపర్వతం, ఒకచోట సోలార్ కారు. అమూల్య బల్ల మీద ఆకుపచ్చ వెల్వెట్ గుడ్డ, దాని మీద ఇసుక కుండీలో నీలం కుండీ, పక్కన డైరీ. మాడిన అంచుల ఆకులు అలాగే ఉన్నాయి. వాటి పైన నాలుగు కొత్త ఆకులు.

జడ్జిల్లో ఒకాయన పేరు అమీర్ జాన్. తెల్లగడ్డం, మెడలో కళ్ళజోడు. తోటలు వేసే కంపెనీలో ఇంజనీరుగా చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడట. ఆయన మొక్క ముందు ఆగి కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఒక ఆకుని నెమ్మదిగా తిప్పి చూశాడు.

"బర్చ్! జూన్ నెలలో! ఫుజైరాలో!" అన్నాడు ఇంగ్లీషులో. "ఇది నువ్వే పెంచావా?"

అమూల్య రాసుకున్న మొదటి వాక్యం నాలుక చివరే ఉంది. దాన్ని మింగేసింది.

"విత్తనం నాటింది నేను సర్. దీన్ని బతికించింది ఈమె. మే నెలలో నేను మరిగే నీళ్ళు పోసి దాదాపు చంపేశాను. అది కూడా డైరీలో ఉంది, చూడండి. ఈమె పేరు సత్యకుమారి. ఇండియాలో నర్సరీలో ఆరేళ్ళు పనిచేశారు."

అమ్మ ఫోన్ పట్టుకుని వీడియో తీస్తోంది. చెయ్యి వణుకుతోంది.

అమీర్ జాన్ సత్యకుమారి వైపు తిరిగి కొంచెం తలవంచి నమస్కరించాడు. "ఇసుక ఎందుకు? రాళ్ళు ఎందుకు వెయ్యలేదు?" అని అడిగాడు.

అమూల్య తెలుగులో అడిగింది. సత్యకుమారి మొదట కొంగు చివర నలిపింది. తరవాత కుండీ వైపు చూసింది. కుండీని చూడగానే ఆమె గొంతు మారిపోయింది.

"రాయి వేడెక్కితే ఓ పట్టాన చల్లారదండి. తడి ఇసక అలా కాదు. గాలి తగిలే కొద్దీ చల్లబడతాది. మట్టి కుండీ అయితేనే పని చేస్తాది, ప్లాస్టిక్‌ది అయితే చెయ్యదు. మట్టిలోంచి తడి బయటికి రావాలి కదండి."

అమూల్య ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. అమీర్ జాన్ కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

"ఆఖరి ప్రశ్న. జూలై, ఆగస్టు దాటుతుందా ఇది?"

'దాటుతుంది' అని చెప్పాలని అమూల్యకి ఎంతో అనిపించింది. కానీ ప్రశ్న తనని కాదు. ఆ ప్రశ్ననే తెలుగులో సత్యకుమారికి చెప్పింది.

"చెప్పలేనండి" అంది సత్యకుమారి. "ఇది చలి దేశం బిడ్డ. ఇంకో నెల్లో ఇంట్లోకి, ఏసీ గది కిటికీ దగ్గరికి మార్చేద్దామనుకుంటన్నాం. బతికితే బతుకుద్ది. బతక్కపోతే మళ్ళీ గింజలు ఫ్రిజ్జులో పెడతాం."

అమూల్య అది కూడా ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పింది.

"నాకు ఈ రోజు దొరికిన అన్నిటికన్నా నిజమైన జవాబు ఇదే" అన్నాడు అమీర్ జాన్. నవ్వుతూ పక్క బల్ల దగ్గరికి వెళ్ళాడు.

ఆయన వెళ్ళేసరికి బల్ల చుట్టూ పిల్లలూ వాళ్ళ అమ్మలూ మూగారు. అందరిలోకీ ముందు సుహానా. వాళ్ళమ్మ రహమతున్నీసాని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"అమూల్యా, మా బాల్కనీలో కరివేపాకు మొక్క పాడైపోతోంది. ఏం చెయ్యాలి?"

కరివేపాకు గురించి అమూల్య ఎక్కడో చదివింది. జవాబు దాదాపు నోటిదాకా వచ్చింది. ఆమె పక్కకి జరిగి, బల్ల వెనక ఉన్న ఒక్క కుర్చీనీ ముందుకి లాగింది.

"సత్యాంటీ, ఇక్కడ కూర్చోండి. వీళ్ళ కరివేపాకు మొక్క పాడైపోతోందట."

సత్యకుమారి కూర్చుంది. పసుపు చీర కొంగు సర్దుకుంది. నర్సరీకొచ్చిన బేరాన్ని చూసినట్టు రహమతున్నీసాని నిదానంగా చూసింది.

"ఆకులు పండి రాలతన్నాయా అండి, పచ్చగా ఉండగానే రాలతన్నాయా? ముందు ఆ సంగతి చెప్పండి."

రహమతున్నీసా నెల్లూరావిడే. తర్జుమా అక్కర్లేదు. కానీ వెనక ఒక అరబ్ అమ్మాయీ వాళ్ళమ్మా, ఆ వెనక ఇద్దరు మలయాళీ పిల్లలూ నిలబడి ఉన్నారు. అమూల్య వాళ్ళ వైపు తిరిగి, తల ఎత్తి, గట్టిగా ఇంగ్లీషులో చెప్పింది.

"లైన్లో రండి, ప్లీజ్. మా సత్యాంటీ అందరికీ చెప్తారు."